తీతువు వంపు

సూళ్లూరుపేట దాటాక
దస్తగిరి జీపు ఆపి నాలుగు టైర్లలోనూ గాలి తీశాడు.
అగ్గిపుల్లతో వాల్వు నొక్కిపట్టి
ఆ బుసను పెదవులతో లెక్కపెట్టాడు.
"గాలి తగ్గితేనే ఇసక మనల్ని మోస్తాది మేడమ్.
కువైట్‌లో తొమ్మిదేండ్లు ఇదే పని.
దిబ్బ ఎక్కేటప్పుడు మాత్రం ఆపకూడదు.
ఆపితే మింగేస్తాది."

నా ఒళ్లో నీలం డబ్బా.
అందులో నాలుగు మంచు పలకలు,
వాటి మధ్య
పదకొండు మంది పిల్లలకు సరిపడా టీకా మందు.

ఏప్రిల్ చివరికి పులికాట్‌లో
నీళ్లకు బదులు నీళ్ల గుర్తులే ఉంటాయి.
ఉప్పు అంచులు, చేప పొలుసుల్లా లేచిన బురద పెచ్చులు,
బోర్లా పడుకున్న ఒక పడవ.
జనవరిలో ఇదే దారిన పడవెక్కి పోయాను,
చీర కుచ్చిళ్లు తడిసి.
ఇప్పుడు అదే చీర మీద దుమ్ము.

ఎండక మిగిలిన ఒక్క మడుగులో
పోవడం మరిచిన ఫ్లెమింగోలు.
తల కిందులుగా ముంచి
బురదను వడకట్టుకుంటున్నాయి.
ఏడనుకున్నాను. దగ్గరికొస్తే ఆరే.
ఏడోది ఒకదాని నీడ.

తర్వాత దిబ్బలు.
సరుగుడు తోపు చివర
ఒక కుందేలు లేచి నిలబడింది.
పొద్దు దాని చెవుల్లోంచి దూరి
నరాలు కూడా కనిపించాయి,
చిగురాకును వెలుగుకు పట్టినట్టు.
ఉడుము పోయిన జాడ ఒకటి
మధ్యలో తోక గీతతో, అటూ ఇటూ గోళ్ల కుట్లతో
ఎవరో తొందరలో వేసిన టాకా లాగ.

"అక్కడా ఉడుములుంటాయి, తోక నిండా ముళ్లు.
సేటు కొడుకు తోక పట్టి ఎత్తి ఫోటో దిగేవోడు."
గేరు మార్చాడు. పెద్ద దిబ్బ.
ఇంజను గొంతు చించుకుంది. సగం ఎక్కాం.
ఇంకాస్త, ఇంకాస్త,
ఆపేశాడు.

చక్రాలు గుండెలోతు దిగిపోయాయి.
నేను డబ్బాను కావలించుకున్నాను.
ముందు అద్దానికి మూరెడు దూరంలో
తీతువు.
రెక్కలు విప్పి, పసుపు కాళ్ల మీద ఊగుతూ
జీపంత నోరు చేసుకుని అరుస్తోంది.
తీతువు కూస్తే చావు కబురని
మా అవ్వ చెంబెడు నీళ్లు వాకిట్లో పోసేది.
ఇక్కడ కబురేం లేదు.
దాని కాళ్ల మధ్య చిన్న గుంట,
గుంటలో నాలుగు గుడ్లు,
ఇసకలో ఇసక రంగు.

"ఆపకూడదన్నావే!"
జవాబు లేదు.
మోకాళ్ల మీద కూర్చుని చేతుల్తో ఇసక తోడాడు.
సరుగుడు కొమ్మలు విరిచి చక్రాల కింద పరిచాను.
తోడిన కొద్దీ ఇసక జారి వచ్చింది.
దూరంగా ఒక నక్క
ఈ పని ఎప్పటికి తెములుతుందో చూసిపోదామన్నట్టు కూర్చుంది.
ఎండ డబ్బా మూత మీదికి పాకింది.
నా చున్నీ తడిపి కప్పాను.

చాలాసేపటికి, తల ఎత్తకుండానే,
"అక్కడొకసారి ఆపలేదు మేడమ్" అన్నాడు.
ఏమిటని అడగలేదు. చెప్పలేదు.
నక్క వైపు ఒక ఇసక ముద్ద విసిరాడు.

వెనక్కి దిగి, ఎడమకు తిప్పి,
గుంటను చుట్టుకుని ఎక్కాం.
తీతువు మమ్మల్ని చివరిదాకా తిట్టింది.

పాళెంలో మంచు పలకలు తీస్తే
రెండు గలగలలాడాయి, రెండింట్లో నీళ్లు కదిలాయి.
మందు బాగానే ఉంది.
పదకొండో పిల్లోడు సూది చూడకముందే ఏడ్చాడు,
వాళ్ల జేజి బెల్లం ముక్కతో వెంటపడింది.
రిజిస్టరులో 'ఆలస్యానికి కారణం' గడి ఇంతే ఉంటుంది.
"బండి దిగబడినది" అని రాశాను.

మళ్లీ నెల రెండో డోసుకు పోయినప్పుడు
దిబ్బ మీద చాలా బండ్ల జాడలు.
చేపల ఆటోలు, ఎవరివో మోటార్‌సైకిళ్లు.
అన్నీ తిన్నగా వచ్చి
ఒక చోట ఎడమకు వంగి
మళ్లీ తిన్నగా పోయాయి.
అక్కడ గుడ్లు లేవు, పెంకులూ లేవు.
దస్తగిరి కూడా
ఏమీ ఎరగనట్టు
స్టీరింగు ఎడమకు తిప్పాడు.